జనగామలో ఆగిన ఇల్లు

తమంతట తామే కదులుతూ మనుషులతో మాట్లాడే చక్రాల ఇళ్లు వచ్చాక హైదరాబాదు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కొన్నాళ్లు ఉండి చూసే వీలు కలిగింది. నగరంలో నర్సుగా పనిచేసే స్వరూప, ఆమె భర్త మల్లేశం అలాగే షాద్‌నగర్, భువనగిరి చూసి జనగామ చేరారు. ఎక్కడా మల్లేశం తల్లి ఎల్లవ్వ గడప దాటలేదు. భర్త పోయినప్పటి నుంచి ఆమె మాటే తగ్గిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె మంచం ఖాళీగా ఉంది. ఇద్దరూ కంగారుగా బయటికి పరుగెత్తారు. ఎల్లవ్వ పక్కింటి ముందు కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆ ఇంటావిడతో గట్టిగా వాదిస్తోంది.

"పచ్చిపులుసుల శక్కరేస్తదట, ఇన్నవా స్వరూపా? రేపు నేను చేసి సూపెడ్త."

అంతలో వెనక నుంచి వాళ్ల చక్రాల ఇల్లు అడిగింది: "సంగారెడ్డిలో గాలి ఇంకా బాగుంది. బయలుదేరమంటారా?"

"వద్దు, ఈడనే ఉంటం," అన్నాడు మల్లేశం.

స్వరూప అత్త పక్కన కూర్చుని గుప్పెడు చిక్కుడుకాయలు అందుకుంది.