రికవరీ తీసేసిన కంప్యూటర్

"కంప్యూటర్ రిపేరు షాపేనా?" అంది ఫోన్లో ఆవిడ.

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తర్వాత, "అవునమ్మా, చెప్పండి," అన్నాడు.

ఆన్ చేస్తే నీలం తెర వస్తోందట. ఏదో రిపేరు చెయ్యాలని రాసి ఉంటోందట. ఆపి మళ్ళీ వేసినా అదేనట. పొద్దుటి నుంచీ అదే వరస.

అందులో ఏముందో కూడా చెప్పింది. వాళ్ళ అమ్మాయి పాడిన పాటలున్నాయి. ఇంకెక్కడా లేవు. మళ్ళీ పాడించుకుందామంటే అమ్మాయి లేదు.

"ఫార్మాట్ మాత్రం చెయ్యనివ్వను," అంది.

"చేస్తానని నేనన్నానా?" అన్నాడు మెకానిక్.

ఇంట్లో బల్ల మీంచి కంప్యూటర్ని కదిపేది లేదని ఆవిడ ముందే తేల్చేసింది. అతనూ షాపుకి తెమ్మనలేదు. ఫోన్లోనే మొదలుపెట్టారు.

తెర మీద ట్రబుల్‌షూట్ అని ఉందా అని అడిగాడు. లేదంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని? అదీ లేదు. అడుగున సరిగ్గా చూడమన్నాడు. తన కళ్ళు బాగానే ఉన్నాయంది. ఎంటర్ నొక్కితే మళ్ళీ మొదటికొస్తోంది, ఎస్కేప్ నొక్కితే ఇంకో తెరకి పోతోంది. బాగు చేసుకునే దారి మాత్రం ఒక్కటీ లేదు.

"ఎఫ్ ఎనిమిది నొక్కండి. గట్టిగా నొక్కాలి, ఆ కీ సరిగా పడదు."

ఆవిడ నొక్కింది. సేఫ్ మోడ్ అని ఏదో కనిపించి ఆశపెట్టింది. మళ్ళీ నీలం తెరే వచ్చింది.

మెకానిక్ టేబుల్ మీద చేత్తో ఒక్కటి కొట్టాడు. స్క్రూలన్నీ ఎగిరి కిందపడ్డాయి.

ఎదురుగా బెంచీ మీద మందుల షాపతను కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అతని బిల్లింగ్ లాప్‌టాప్ ఉంది. వచ్చి చాలాసేపైంది. ఇంక పట్టలేక, "అన్నా, అంతసేపు ఫోన్లో వేగే బదులు ఓసారి వెళ్ళి చేసి రాకూడదూ?" అన్నాడు.

మెకానిక్ ఫోను దూరంగా పట్టుకున్నాడు. "ఆ ఇంట్లో దాని మీద నా చెయ్యి పడనివ్వరు."

"మరి నీకెందుకీ గోల? ఇంకెవరినైనా చూసుకోమను."

మెకానిక్ అసలు సంగతి చెప్పాడు. డిస్కులో ఒక మూల రికవరీ అని చిన్న ముక్క దాచి ఉంటుంది. విండోస్ చెడిపోతే బాగుచేసే సరంజామా అంతా అందులోనే ఉంటుంది. ఈ కంప్యూటర్లో ఆ ముక్కే లేదు. ఎప్పుడో చెరిపేశారు.

"అన్నా, ఎవడా తెలివైనవాడు?"

"ఉన్నాడొక గాడిద," అన్నాడు మెకానిక్.

అది ఫోన్లో వినబడింది.

"మా ఆయనే," అంది ఆవిడ. "అమ్మాయి వీడియోలకి చోటు చాలట్లేదని తీసేశాడు. చెడిపోతే అప్పుడు చూద్దాంలే అన్నాడు. దేనికైనా అదే మాట. పిల్లకి జ్వరం వచ్చినప్పుడూ అదే. తెల్లారనీ, చూద్దాంలే అన్నాడు."

మెకానిక్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. బల్ల సొరుగులో వెనకవైపు విండోస్ ఉన్న నల్ల పెన్‌డ్రైవ్ ఉంటుంది, చూడండి అన్నాడు. ఆవిడ వెతికింది. ఉంది.

దాన్ని పెట్టి, ఎక్కడ ఏది నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. ఆవిడ రెండుసార్లు తప్పు నొక్కింది. చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్తే తప్పు నొక్కననీ అంది. మొత్తానికి విండోస్ ఎక్కించే తెర వచ్చింది.

"మధ్యలో ఇన్‌స్టాల్ నౌ అని ఉంది. నొక్కుతున్నా."

"నొక్కకు!"

మందుల షాపతను ఉలిక్కిపడ్డాడు.

"నొక్కకండి," అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి. "అది మొత్తం తుడిచేసేదాకా తీసుకెళ్తుంది. ఎడమవైపు అడుగున చిన్న అక్షరాల్లో రిపేర్ అని ఉంటుంది. అది."

అది నొక్కగానే, అన్నీ వచ్చాయి. ఇంతసేపూ లేవన్న ఆప్షన్లన్నీ వరసగా నిలబడ్డాయి. స్టార్టప్ రిపేర్ ఎంచుకోమన్నాడు. చుక్కలు తిరిగాయి, తిరిగాయి, చివరికి బాగుచేయలేకపోయానని తెర మీద వచ్చింది.

"అయిపోయిందా?" అంది ఆవిడ. "ఇంతేనా మీ పనితనం?"

"మళ్ళీ పెట్టండి. ఒక్కసారికే లొంగదు."

మళ్ళీ పెట్టింది. ఫోన్లో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. మందుల షాపతను కూడా తన లాప్‌టాప్ సంగతి మరిచిపోయి ముందుకి వంగాడు.

"వచ్చింది," అంది ఆవిడ.

"పాటలు?"

మౌస్ క్లిక్కులు వినిపించాయి.

"ఉన్నాయి."

ముందు వాటిని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నాడు. ఎక్కించేదాకా లైన్లోనే ఉన్నాడు. అయ్యాక ఫోను పెట్టేయాల్సింది. ఇద్దరూ పెట్టలేదు.

"ఒకటి వినిపించనా?" అంది ఆవిడ. ఆ పూట ఆ గొంతులో కోపం లేకపోవడం అదే మొదలు.

"ఫోన్లో వద్దు," అన్నాడు మెకానిక్.

మందుల షాపతన్ని రేపు రమ్మన్నాడు. ఇంతసేపు కూర్చోబెట్టి ఇదేం పద్ధతని అతను తిట్టుకుంటూ వెళ్ళాడు.

మెకానిక్ షట్టర్ దించి, రెండు వీధులు నడిచి, తన ఇంటి తలుపు తీసుకుని లోపలికెళ్ళి, పాటలున్న ఆ కంప్యూటర్ ముందు, అమ్మాయి పోయిన రోజు నుంచీ తనతో ఎదుటపడి ఒక్క మాటైనా మాట్లాడని భార్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.