అతుకు వేసిన సంచి

ఫోన్ మోగేసరికి నైనిక ఎడిసన్ ఊళ్ళో, ఓక్ ట్రీ రోడ్డులో పార్కింగ్ కోసం ఇంకో చుట్టు తిరుగుతోంది.

"నైనికా? నేను శశికాంత్‌ని. మ్యూజియం వాళ్ళ తరఫున ఫస్ట్ రౌండ్ స్క్రీనింగ్ మేం చూస్తున్నాం. రేపు సాయంత్రం కాల్‌కి కుదురుతుందామ్మా?"

కుదరకేం. ఆమెకి ఈ మధ్య కుదరని సాయంత్రమంటూ లేదు. మ్యూజియం నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చిందని, ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసా అని ముందురోజే ఎడిసన్ తెలుగు జాబ్స్ వాట్సాప్ గ్రూపులో అడిగింది. మ్యూజియంలో కూడా ఐటీ ఉంటుందా అని ఒకాయన ఎదురు ప్రశ్న వేశాడు తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి ఒక తెలుగు గొంతు పలకరించేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

నైనిక చదివింది పురావస్తు శాస్త్రం. అమెరికా వచ్చి ఇదేం చదువని అడగని అంకుల్ లేడు. మట్టి తవ్వుకోవడానికి ఇంత దూరం రావాలా అని పక్కింటి రేణు ఆంటీ నవ్వుతూనే అనేది. జవాబు చెప్పీ చెప్పీ నైనికకి విసుగు కూడా పోయి నీరసం మిగిలింది. చదువయ్యాక పనిచేసేందుకిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన గడువు ఈ నెలాఖరుతో సరి. ఆలోగా దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. పెరూ తీరంలో దొరికిన పాత వస్తువుల్ని స్కాన్ చేసి కంప్యూటర్‌కి ఎక్కించే ఈ ఉద్యోగం అచ్చంగా తన కోసమే పుట్టినట్టుంది. ఇదీ పోతే ఇక తట్టడానికి ఇంకో తలుపు లేదు.

రెజ్యూమె వర్డ్‌లో పంపమన్నాడు శశికాంత్. పిడిఎఫ్ వద్దన్నాడు. ఉద్యోగాలు చూసిపెట్టే మనవాళ్ళు ఎవరైనా అలాగే అడుగుతారు కాబట్టి ఆలోచించకుండా పంపేసింది.

కాల్‌లో అతను కెమెరా ఆన్ చేయలేదు. నెట్ బాగోలేదట. మధ్యమధ్య దగ్గుతున్నాడు. గొంతులో ఓపిక అడుగంటినట్టుంది.

"ఏమీ అనుకోకమ్మా. కొన్ని నెలలుగా ఇదే బతుకు. ఇంటర్వ్యూ అంటేనే విరక్తి పుట్టేసింది."

"నాకూ అంతే అండీ," అంది నైనిక. ఎవరో తెలియని ఆ మనిషి మీద జాలేసింది.

అతను మొదట్నుంచీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. దాదాపు అయిదు వేల ఏళ్ళ కిందట పెరూ తీరానికి దగ్గర్లో, సూపే నది లోయలో, కారల్ అనే నగరం ఉండేది. అక్కడివాళ్ళకి కుండ చేయడం ఇంకా రాదు. అయినా కొండంత మెట్ల కట్టడాలు లేపారు. పత్తి పండించి వలలు అల్లారు. పక్షి ఎముకలతో పిల్లనగ్రోవులు చేసుకున్నారు. రెల్లు సంచుల్లో రాళ్ళు నింపి మోసుకొచ్చి, సంచితో సహా కట్టడం లోపల పేర్చేశారు.

"ఆ సంచి పేరేంటన్నావ్?"

"షిక్రా."

"సంచి ఎందుకు వదిలేశారు?"

భూకంపం వచ్చినా రాళ్ళు జారిపోకుండా పట్టి ఉంచుతుందని కొందరి అభిప్రాయమని చెప్పింది. అటువైపు కీబోర్డు టకటకమంటోంది. మార్కులు వేసుకుంటున్నాడు కాబోలు అనుకుంది.

"ఇదంతా గూగుల్‌లో ఉంటుంది కదమ్మా. నువ్వు అక్కడికి వెళ్ళినట్టు నమ్మకం కలగాలంటే, ఎక్కడా లేనిది ఒకటి చెప్పాలి."

నైనిక కాస్త తటపటాయించింది. ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

చదువులో భాగంగా ఒక వేసవి ఆ లోయలో తవ్వకానికి వెళ్ళింది. ఒక మధ్యాహ్నం బ్రష్‌తో దుమ్ము దులుపుతుంటే ఒక సంచి బయటపడింది. దానికో మూల అతుకు ఉంది. చిరిగిన చోట ఎవరో కొత్త రెల్లు తెచ్చి మళ్ళీ అల్లారు, ఎంతో శ్రద్ధగా. రాళ్ళతో పాటు పూడిపోయే సంచి అది. ఇక దాని మొహం ఎవరూ చూడరు. నైనిక వాళ్ళమ్మ సుమతి కూడా అంతే, చిరిగిన బియ్యం సంచికి పాత చీర అంచు వేసి కుట్టేది. ఎవరు చూస్తారమ్మా అంటే, నేను చూస్తాను కదే అనేది. నైనిక ఆ గుంటలోనే చతికిలపడి ఏడ్చేసింది.

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్తావా అమ్మా," అన్నాడు శశికాంత్ మెల్లగా. "మీ అమ్మగారి మాట దగ్గర్నుంచి."

చెప్పింది. ఆ చీర అంచు ఏ రంగని కూడా అడిగాడు. ఆకుపచ్చ అంది. ఇన్నాళ్ళలో తన మాట మనసు పెట్టి విన్నది ఇతనొక్కడే అనిపించింది.

"మ్యూజియంలో కూడా ఇది చెప్పనా అండీ? ఏడ్చానంటే బాగుంటుందా?"

ఒకసారి దగ్గి, "బాగుంటుంది," అన్నాడు.

ఇంటర్వ్యూ రోజు అరువు తెచ్చుకున్న కోటు వేసుకుని రైలెక్కింది నైనిక. ఆమె వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రశ్నలడిగిన మార్గరెట్ తల పండిన మనిషి. పొద్దున్నుంచీ అభ్యర్థుల్ని చూసి చూసి ఆవిడా అలిసిపోయి ఉంది. తవ్వకంలో బాగా గుర్తుండిపోయినదేమిటో చెప్పమంది.

నైనిక సంచి గురించి మొదలుపెట్టింది. అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ రాయడం మానేసింది. అమ్మ మాట చెప్తున్నప్పుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకి కూడా గుండె కదిలిందనుకుని, నైనిక చీర అంచు రంగుతో సహా చివరిదాకా చెప్పింది.

మార్గరెట్ ఫైలు మూసేసింది.

"చూడమ్మాయ్, పొద్దున ఇదే ఉద్యోగానికి వచ్చిన శశికాంత్ కూడా ఇదే సంచి, ఇదే అతుకు, వాళ్ళమ్మ చీరకి ఇదే ఆకుపచ్చ అంచు చెప్పి నా ముందు ఏడ్చి వెళ్ళాడు, నువ్వు కనీసం కథైనా సొంతంగా అల్లుకుని రావాల్సింది," అందావిడ.