వెనక్కి తిరిగిన పిల్ల

తనను ఆరో తరగతితో బడి మాన్పించినట్టే రేపు తన కూతుర్నీ ఏదో ఒకటి మాన్పించి ఇంట్లో కూర్చోబెడతారేమోనని విసాంకి అన్నిటికంటే పెద్ద భయం. ఈ శుక్రవారం మధ్యాహ్నం ఆ భయం కాగితం రూపంలో వచ్చి, చేప ముళ్ళ పళ్ళేనికీ పిండేసిన నిమ్మచెక్కలకీ మధ్య పడి ఉంది. పదేళ్ళ రువైదాని ఈత క్లబ్బులో చేర్చే ఫారం అది. తండ్రి ఓడ మీద ఉన్నాడు కనక తాత సంతకం పెట్టాలి. ఐదు గంటలకి క్లబ్బు గుమాస్తా కిటికీ మూసేస్తాడు.

తాత హాజ్ శిహాతా ఆ ఫారాన్ని ఒక్క వేలితో అవతలికి నెట్టాడు. ఎందుకు పెట్టనో టీవీలోనే చూశావుగా అన్నాడు కోడలితో.

టీవీలో అప్పుడే సినిమా అయిపోయింది. రేవులో పుట్టిన ఈతపిల్ల, ఆమెని ప్రేమించిన పడవవాడు, పెళ్ళీ పోటీ ఒకే రోజు పడటం. ఎప్పటిదో పాత నలుపు తెలుపు కథనే ఇప్పుడు రంగుల్లో మళ్ళీ తీశారు. రంగుల పిల్ల నీళ్ళలోకి దూకింది, గెలిచింది. పడవవాడు తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.

"బంగారంలాంటి కథని పాడుచేశారు," అన్నాడు హాజ్ గుమ్మడిగింజలు కొరుకుతూ. "అసలు సినిమాలో పిల్లకి సిగ్గుంది. గట్టు అంచుదాకా వెళ్ళి, వాణ్ణి తలుచుకుని వెనక్కి తిరిగింది. అదీ ఆడపిల్లంటే."

విసాం తనకి కొత్తదే నచ్చిందంది. గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చే పిల్ల కథ చూడటానికి సినిమా దాకా ఎందుకు, ప్రతి ఇంట్లోనూ ఉందిగా అని కూడా అంది.

అత్తగారు లవాహిజ్ ఎప్పట్లాగే హాజ్ పక్షం. పాత పిల్ల ఒక్క చూపులో ఉన్న తడి, కొత్త పిల్లని సముద్రమంతా ముంచి తీసినా రాదని తేల్చేసింది.

"ఉమ్ రువైదా, రువైదా తల్లీ, నీకు తెలీదు," అంది. "నాకు పెళ్ళయి నెల. నేనూ అప్పుడు క్లబ్బులో ఈదేదాన్ని. మీ మామయ్య టీవీలోంచి ఆ సినిమా క్యాసెట్టుకి ఎక్కించి పెట్టాడు నాకోసం. ఆ పిల్ల వెనక్కి తిరగడం చూసి వారం రోజులు ఏడ్చి, నా క్లబ్బు కార్డు నేనే చింపేశాను. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు నాకు."

హాజ్ తలూపాడు. ఎవరూ చెప్పలేదని తనూ అన్నాడు.

విసాం గోడగడియారం చూసింది. నాలుగు కావస్తోంది. "అయితే ఆ పాతదే పెట్టండి మామయ్యా. ఆ పిల్ల నీళ్ళలో దిగితే సంతకం పెడతారా?"

"సంతకమేంటి, మీసం కూడా తీసేస్తా."

"మీసం ఉంచుకోండి. సంతకం చాలు."

గుడ్డ కప్పి ఉన్న పాత యంత్రం తెరిచారు. చివరికంటా తిప్పితే క్యాసెట్టు కిర్రుకిర్రుమంటూ తిరిగింది. పిల్ల గట్టు అంచున నిలబడింది. వెనక్కి తిరిగింది. తెరంతా గీతలు పడ్డాయి, మరుక్షణం ఫుట్‌బాల్ మైదానం, జనం కేకలు. హాజ్ చప్పున ఆపేసి, చూశావుగా అయిపోయిందన్నాడు.

విసాం కదల్లేదు. పాత సినిమా ఏదైనా చివర్న తెర నిండా 'నిహాయా' అని సమాప్తం పడాలి. ఆమె జీవితంలో కూడబలుక్కుని చదివిన మొదటి మాట అదే.

"నిహాయా పడలేదు మామయ్యా. నిహాయా పడకుండా ఎలా అయిపోతుంది?"

క్యాసెట్టు పాతబడింది, అరిగిపోయింది అని ఏదో అన్నాడాయన. విసాం అప్పటికే ఫోన్లో అదే సినిమా వెతుకుతోంది. నిజంగానే ఆ పిల్ల వెనక్కి వెళ్ళిపోతే ఇక తను అనడానికేమీ ఉండదు. చివరి తొమ్మిది నిమిషాలు పెట్టి, ఫోన్ని నీళ్ళ జగ్గుకి ఆనించింది.

పిల్ల వెనక్కి తిరిగింది. పడవవాడి దగ్గరికి నడిచింది. వంగి, కాళ్ళకున్న చెప్పులు విప్పి వాడి చేతిలో పెట్టింది.

"పట్టుకో. తడవనీకు," అంది.

పరుగున వెళ్ళి దూకింది. గెలవలేదు, మూడోదిగా వచ్చింది. వాడు ఆ చెప్పులు గుండెకి హత్తుకుని ఒడ్డు పొడుగునా ఆమెతో పాటు పరిగెత్తాడు. నిహాయా పడింది.

"మీరన్నదే నిజం మామయ్యా," అంది విసాం. "పాతదే బాగుంది."

లవాహిజ్ మొగుడి వైపు తిరిగింది.

"ఓ హాజ్, ఆ మ్యాచ్ ఎందుకు ఎక్కించావు దాని మీద?"

"కప్పు ఫైనల్ కదా. ఇంట్లో ఇంకో క్యాసెట్టు లేదు."

"ఆరున్నాయి."

ఆయన గుమ్మడిగింజల పొట్టు ఏరడం మొదలుపెట్టాడు.

"పైగా ఆ మ్యాచ్‌లో మీవాళ్ళు ఓడిపోయారు," అంది లవాహిజ్.

హాజ్ కళ్ళజోడు కూడా వెతుక్కోకుండా సంతకం పెట్టాడు. ఫారం తనే ఇచ్చొస్తానని లవాహిజ్ తలగుడ్డ కట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కిటికీ మూసేలోపే చేరారు.

ఇది జరిగి పది రోజులైంది. పొద్దున్నే మనవరాలి కంటే ముందు నీళ్ళలో దిగుతున్న లవాహిజ్ ఎంత పిలిచినా ఒడ్డుకి రావడం లేదు, విసాం ఇద్దరి చెప్పులూ పట్టుకుని ఒడ్డునే ఉంటోంది కనక, మీరెవరైనా మా రేవుపేట అన్‌ఫూషీ వైపు వెళ్తే చేపల బజారు వెనక రెండో సందులో తలుపు తట్టి, టీ కాచుకోవడం కూడా రాని హాజ్ శిహాతా ఏమైనా తిన్నాడో లేదో ఒక్కసారి చూడండి.