మెట్ల మీద అడుగులు

చీకటి పడే వేళకు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. బట్టలు కుట్టే ఆవిడ మిషను తొక్కడం ఆపింది. అడుగులు ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

"లోపలికి రా నాన్నా," అంది.

కొడుకును లారీ గుద్ది చంపినప్పటి నుంచీ రోజూ ఇదే. మొదట్లో ఒకసారి తలుపు తీస్తే ఎవరూ లేరు. తీస్తే వాడు బెదిరిపోతాడని, పిలిచి ఊరుకోవడం అలవాటు చేసుకుంది. అలా పిలిచాక రోజూ, ఆ లారీ డ్రైవర్ని మాత్రం చల్లగా చూడొద్దని దేవుడికి మొరపెట్టుకుంటుంది.

ఈవేళ ఎవరో తలుపు తట్టారు. కొడుకు ఏనాడూ తలుపు తట్టి ఎరగడు.

తీసింది. కోర్టులో చూసిన మొహం. లారీ డ్రైవరు.

"రోజూ వస్తున్నానమ్మా. క్షమించమని అడగడానికి నోరు రాక తిరిగిపోతున్నా. నేనని తెలిసి కూడా మీరు నాన్నా అని పిలుస్తుంటే, దేవుడే పిలిచినట్టుందమ్మా," అని ఏడ్చాడు.

నిన్ను కాదురా అనబోయింది. అతని భుజం మీదుగా మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు. ఇతను తప్ప ఏనాడూ ఎవరూ లేరు.

గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"లోపలికి రా," అంది.

నాన్నా అనలేకపోయింది.