కనురెప్పల మీద కుట్ర

బావమరిదిని ఇంట్లోంచి సాగనంపడానికి మేకప్ మాస్టారు ఎంచుకున్న ఆయుధం, అన్నిటికన్నా సన్న బ్రష్షు.

ముప్పై ఏళ్ళుగా ఆయన నాటకాల కంపెనీలో మొహాలకి రంగులు వేస్తున్నాడు. పాతికేళ్ళ కుర్రాణ్ణి అరగంటలో ముసలి రాజుని చెయ్యగలడు. అంత పనితనం ఉండి కూడా సొంత ఇంట్లో ఒక్క ప్లేటు బంగాళాదుంప వేపుడు దక్కించుకోలేకపోతున్నాడు. అదీ ఆయన బాధ.

వేపుడు లేనిదే మాస్టారికి ముద్ద దిగదు. ఒక్కపూట చెయ్యకపోతే అలిగి పడుకుంటాడు. అందుకని భార్య రోజూ చేస్తుంది. చేస్తే ఏం లాభం? వారం రోజులుండి పోతానని వచ్చిన ఆమె తమ్ముడు మూడు నెలలుగా తిష్ట వేశాడు. ఉంటే ఉన్నాడు, ఆ తిండేమిటి! ప్లేటు బల్ల మీదకి రాగానే తన వైపు లాక్కుంటాడు. మధ్యాహ్నానికల్లా వెన్న డబ్బా నాకేస్తాడు. మాస్టారు రిహార్సల్ నుంచి దాచుకుని తెచ్చిన కేకు, ఆయన చెప్పులు విప్పేలోగా వాడి నోట్లో ఉంటుంది. చీపురుపుల్లలా వచ్చినవాడికి ఇప్పుడు చొక్కా గుండీలు పట్టడం లేదు.

"మీ తమ్ముడికి కాస్త చెప్పవేం?" అంటే, "చిన్నవాడండీ, తిననివ్వండి" అంటూ ఆవిడ మొగుడి కంచంలో ఉడకబెట్టిన కూర వేసేది.

ఆ కోపంతో మెట్లెక్కుతుంటే మాస్టారికి పిక్కలు పట్టేసేవి. రెండో అంతస్తుకి చేరేలోగా రెండుసార్లు ఆగి, ఆ మెట్లు కట్టినవాణ్ణి నోరారా తిట్టుకునేవాడు.

"ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. మామయ్యగారు కూడా యాభై అయిదు నిండకుండానే..." అని భార్య మొదలుపెట్టేది.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను" అని ఆయన కొట్టిపారేసేవాడు. ప్రాణం పోయినా ఆస్పత్రి గడప తొక్కనని పంతం.

ఒకరోజు టీ కప్పు కింద ఏదో కరపత్రం కనబడింది. కొలెస్ట్రాల్ గురించి. చాలామందికి పైకి ఏ గుర్తూ కనబడదట. కొందరికి మాత్రం కనురెప్పల మీద, ముక్కు వైపున, పచ్చటి మచ్చలు లేస్తాయట. పక్కన ఫొటో కూడా ఉంది. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. లేత పసుపు రంగు, కాస్త మైనం, అంచున ఓ పిసరు గోధుమ రంగు. ఇంతేనా!

మర్నాడే పని మొదలైంది. భోజనం కాగానే బావమరిది సోఫాలో పడి గుర్రు పెట్టేవాడు. మాస్టారు పిల్లిలా వెళ్ళి, చెమటకీ నీళ్ళకీ పోని స్టేజి రంగుతో వాడి రెప్పల మీద రోజుకింత మచ్చ పెంచుతూ వచ్చాడు. ఒకసారి బ్రష్షు తగిలి వాడి పెదవి అదిరింది. కలలో కూడా తింటున్నాడు వెధవ, అనుకున్నాడు. అయిదో రోజుకి మచ్చలు ఎంత బాగా కుదిరాయంటే, తన చేతిపని చూసి ఆయనకే ముచ్చటేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పాచిక విసిరాడు.

"ఏరా, నీ కళ్ళ మీద అవేమిట్రా?"

"ఏవి బావా?"

"అద్దంలో చూసుకో. ఒంట్లో కొవ్వు ఎక్కువై పైకి తేలిందిరా. రేపే రక్తపరీక్ష చేయించుకో. ఇక వేపుళ్ళూ, వెన్నా బంద్. హాయిగా మీ ఊరెళ్ళి, మీ అమ్మ చేతి జావ తాగు."

బావమరిది చెంచా జారి కంచంలో పడింది. బిక్కమొహం వేసుకుని అక్క వైపు చూశాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తోందేమోనని మాస్టారికి కాస్త జాలేసింది కూడా.

"నాకు భయంగా ఉంది బావా. నువ్వు తోడొస్తేనే వెళ్తాను."

ఈ పీడ వదలాలంటే గడప తొక్కక తప్పదు. సరేనన్నాడు. పొద్దున్నే కాఫీకి చెయ్యి చాస్తే భార్య అడ్డుపడింది.

"పరీక్షకి వాడు పస్తుండాలట. పాపం, వాడి ముందు మీరెలా తాగుతారండీ?"

మాస్టారు ఆ త్యాగమూ చేశాడు. బావమరిది బట్టల పెట్టె సర్దుతున్నట్టు ఊహించుకుంటే ఆకలి కూడా తెలియలేదు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సు చీటీ పట్టుకుని బయటికొచ్చింది.

"యాభై మూడేళ్ళ పేషెంటు ఎవరండీ?"

"వయసు తప్పు రాసుకున్నట్టున్నారమ్మా. పేషెంటు వీడు" అని మాస్టారు బావమరిదిని ముందుకి తోశాడు. వాడు బెంచీకి అతుక్కుపోయినట్టు కదల్లేదు.

"తప్పేం లేదండీ. నిన్న రాత్రి మీ ఆవిడ ఫోన్ చేసి మీ పేరే రాయించారు. ఏదీ, ఒకసారి ఆ కళ్ళద్దాలు తియ్యండి." నర్సు వంగి ఆయన రెప్పల్ని పరకాయించి చూసింది. "ఆవిడ చెప్పినట్టే ఉన్నాయి మచ్చలు. వీటిని చూసి తేల్చెయ్యలేం, రక్తం చూస్తేగానీ తెలీదు. పదండి."

మాస్టారి చెయ్యి దానంతటదే తన రెప్ప మీదకి వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా అందరి మొహాలూ చూసినవాడు, కళ్ళద్దాలు తీసి తన మొహం ఎన్నడూ చూసుకోలేదు. యాభై అయిదు నిండకుండానే పోయిన తండ్రి గుర్తొచ్చాడు. బావమరిది వైపు తిరిగాడు.

వాడు నర్సు దగ్గర స్పిరిట్ దూది అడిగి తీసుకుని, తీరిగ్గా రెప్పలు తుడుచుకుంటూ అన్నాడు: "లే బావా, వెళ్ళి రక్తం ఇచ్చిరా. అక్క బతిమాలిందని మూడు నెలలుగా నీ వాటా కూడా నేనే తింటున్నాను, ఇంక నావల్ల కాదు!"