మూడు రోజుల హాజరు

"హాల్‌టికెట్ ఇయ్య. ఎవరికి చెప్పుకుంటవో చెప్పుకో!" బయాలజీ లెక్చరర్ మహిధర్ హాజరు రిజిస్టరును టపీమని మూశాడు.

ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డ మల్లిక బల్ల మీదున్న తన హాల్‌టికెట్టు వైపు చూసింది. పొద్దున్నే తాండూరులో నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగు. అది కాగానే పరుగున రైలెక్కి వికారాబాద్ కాలేజీలో బయాలజీ బ్రిడ్జి కోర్సు. రెండూ గట్టెక్కితేనే నర్సింగ్ డిగ్రీలో సీటు, లేదంటే పెద్దేముల్‌లో అయ్య మేకల వెనకాల నడకే. ఏడాదంతా బువ్వ రైల్లోనే తిని, పాఠం రైల్లోనే చదివి ఇంతదూరం వస్తే, మూడంటే మూడు రోజుల హాజరు తగ్గిందని ఈ మహానుభావుడు మోకాలడ్డుతున్నాడు!

"సార్, గా మూడు దినాలు నర్సింగ్‌హోంల డ్రెస్సింగ్ ప్రాక్టికల్స్ పడ్డయి. రాకుంటే పేరు కొట్టేస్తమన్నరు. జర దయ చూడున్రి."

"నర్సమ్మవైతవా, స్టూడెంటువైతవా? ముందు అది తేల్చుకో!"

ప్రిన్సిపాల్ అరుణాదేవి కళ్లద్దాలు సర్దుకుంది. "ఆ మూడు రోజులు నేను హైదరాబాద్ మీటింగులో ఉన్నాను. క్లాసు జరిగిందా మహిధర్ గారూ?"

"ఎంత మాట మేడం! మీరు లేరని నేను డుమ్మా కొడతానా? మూడు రోజులూ పదకొండు కొట్టేసరికి బోర్డు ముందున్న. గుండె పాఠం చెప్పిన. ఇవిగో నా సంతకాలు."

మల్లిక ఆ సంతకాల వైపు చూసింది. ఒళ్లు మండిపోతోంది. కానీ ఎంతైనా సారు కదా!

"డ్యూటీ చేసినట్టు రుజువేమైనా ఉందా అమ్మా?" అడిగింది అరుణాదేవి.

"పేషెంటున్నడు మేడం. మూడు దినాలు ఒక్కరికే డ్రెస్సింగ్ చేసిన."

"ఎవరతను?"

"పేషెంటు ముచ్చట బయట చెప్పొద్దని మా హెడ్‌నర్సు పద్మమ్మ ఒట్టేయించుకుంది మేడం."

మహిధర్ పకపకా నవ్వాడు. "చూసిన్రా! పేషెంటు లేడు, గీషెంటు లేడు. సినిమాకు పోయుంటది. ఏ పిల్లా, దమ్ముంటే ఆ పేషెంటును గీ రూంల నిలబెట్టు. ఔ అన్నడంటే ఇప్పుడే, గిక్కడ్నే సంతకం పెడ్త!"

"నిజంగ పెడ్తరా సార్?"

"మా నాయన మీదొట్టు!"

మల్లికకు తన ఒట్టు గుర్తొచ్చింది. పద్మమ్మ ఉరిమి చూస్తున్నట్టే అనిపించింది. కానీ హాల్‌టికెట్టు బల్ల మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. పద్మమ్మకు మనసులోనే దండం పెట్టుకుంది.

"అయితె పెట్టున్రి సార్," అంది వినయంగా. "పేషెంటు రూంలనే ఉన్నరు. పైల్స్ ఆపరేషనైనంక మూడు దినాలు మీరు బోర్ల పండుకునే ఉంటిరి, నా మొకం మీకెట్ల యాదికుంటది?"