రెండూళ్ల రాయి

రాయి మళ్లీ మాయమైందని తెలియగానే ప్రొఫెసర్ ప్రేమకుమారికి పట్టరాని సంతోషం కలిగింది.

సంతోషం కాదా మరి! రెడ్డిరాజుల కాలపు పట్నాలూ, దర్బారులూ అంటూ ముప్పై ఏళ్లు గడిపింది. దర్బారు తమకే దక్కాలని ఆనాటి ఊళ్లు పోటీలు పడేవని రాస్తే, తోటి ప్రొఫెసర్లు "నువ్వెళ్లి చూసొచ్చావా?" అని నవ్వారు. ఇప్పుడు కళ్లారా చూస్తోంది.

వచ్చే నెలే రిటైర్మెంటు. ఈలోగా, బొల్లాపల్లి దాపున ఒక చిన్న రాజు దర్బారు ఉండేది ఉప్పలమెట్టలోనా, పక్కనున్న చింతలదిన్నెలోనా తేల్చి ప్రభుత్వానికి రిపోర్టు పంపాలి. తేల్చకుండా ఇంటికెళితే ఆ నవ్వులే మిగులుతాయి.

వచ్చిన రోజే ఉప్పలమెట్ట చేలో ఆ రాజు ముద్రైన వరాహం చెక్కిన రాయి కనిపించింది. ఫొటో తీసుకుంది. మర్నాటికల్లా అది చింతలదిన్నె పొలిమేరలో తేలింది. కొన్నాళ్లకు మళ్లీ ఉప్పలమెట్టకొచ్చింది. ఇప్పుడు మళ్లీ చింతలదిన్నె చేరింది.

దొంగలు! చరిత్ర కోసం దొంగతనం చేసే ఊళ్లు ఇంకెక్కడుంటాయి? ఆమె మురిసిపోయింది.

చింతలదిన్నె ప్రెసిడెంటు మణెమ్మ గారెలూ, నాటుకోడి పులుసూ పట్టుకొచ్చింది. "మా ఊరికి అన్యాయం చెయ్యమాకండమ్మా" అని చేతులు పట్టుకుంది.

ఉప్పలమెట్ట ప్రెసిడెంటు హనుమంతరావు ఊరుకుంటాడా? ఏకంగా పొట్టేలునే కోయించాడు. ఊరి పెద్దలందరినీ పంక్తిలో కూర్చోబెట్టి, ఆమెకు తనే వడ్డించాడు.

"ఇంకో ముక్క వేసుకోండి మేడమ్. మా ఊరి బతుకు మీ చేతిలోనే ఉంది. మీ మీద చానా ఆశ పెట్టుకున్నాం."

అంత పెద్దమనిషి అలా బతిమాలడం చూసి ప్రేమకుమారి మనసు కరిగిపోయింది. సొంత ఊరంటే ఎంత మమకారం! ఇంకా దాచడం పాపమనిపించింది.

"దిగులు పడకండి ప్రెసిడెంటు గారూ. రాయి ఎన్ని ఊళ్లు తిరిగితే ఏం, మొదటి ఫొటో నా దగ్గరుంది. దర్బారు మీ ఊళ్లోదేనని పొద్దున్నే రిపోర్టు పంపించేశాను."

పంక్తి మొత్తం తినడం ఆపేసింది. హనుమంతరావు గరిటె వదిలేసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అయ్యో తల్లీ, గవర్నమెంటోళ్లు మా చేలకు కంచె వేసి బోరు కూడా వెయ్యనియ్యరనే గదా, ఆ రాయిని రెండుసార్లు ట్రాక్టరెక్కించి చింతలదిన్నెలో పారేసొచ్చింది!"